సీ గీత చెప్పని సంగతి: యాంటిజెన్ టెస్టుల కచ్చితత్వం లెక్క

యాంటిజెన్ కిట్‌లోని స్వాబ్‌ను ప్యాకెట్ చించి, ముక్కులో పెట్టకుండానే నేరుగా బఫర్ ద్రవంలో ముంచి, ఆ ద్రవాన్ని పట్టీ మీద చుక్కలు చుక్కలుగా వేస్తే ఏమవుతుంది? పదిహేను నిమిషాల్లో సీ (కంట్రోల్) అక్షరం పక్కన చక్కటి గీత ఒకటి వస్తుంది. టీ (టెస్ట్) పక్కన ఏమీ రాదు. అంటే నెగెటివ్. కిట్ లెక్కలో టెస్టు సవ్యంగా జరిగినట్టే. ఎందుకంటే ద్రవం పట్టీ ఈ చివర నుంచి ఆ చివరకు పాకిందా లేదా అన్నదే సీ గీతకు తెలుసు. ఆ ద్రవంలో ముక్కు లోపలి కణాలు ఉన్నాయా, స్వాబ్ లోపలిదాకా వెళ్లిందా, అంచున తిప్పి తీసేశారా అనేది దానికి అక్కర్లేదు.

కరోనా కాలంలో, అంటే 2020, 2021లో పీహెచ్‌సీల ముందు క్యూలో నిలబడ్డవాళ్లకు ఈ సంగతి చెప్పే తీరిక ఎవరికీ లేదు. ర్యాపిడ్‌లో నెగెటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్లి, నాలుగు రోజులకు ఆర్టీపీసీఆర్‌లో పాజిటివ్ అని తేలి టెన్షన్ పడ్డ కుటుంబాలు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ వీధిలో అడిగినా కనిపిస్తాయి. దాంతో 'ర్యాపిడ్ టెస్టు దండగ' అనే మాట జనంలో పాతుకుపోయింది. ఆ మాటలో నిజం సగమే. మిగతా సగం తెలియాలంటే, ఈ టెస్టు అసలు ఏం చూస్తుంది, ఎవరిలో బాగా చూస్తుంది అన్నది విడదీసుకోవాలి.

ముందు ఒక పాత గందరగోళం. 2020 ఏప్రిల్‌లో దక్షిణ కొరియా నుంచి లక్ష ర్యాపిడ్ కిట్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. అదే నెలలో రెండు చైనా కంపెనీల కిట్లు వాడొద్దని, తిప్పి పంపేయమని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రాష్ట్రాలకు చెప్పింది. అవన్నీ యాంటీబాడీ కిట్లు. వైరస్ మీదకు మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయా అని చూసేవి. అవి తయారవడానికే వారం పది రోజులు పడుతుంది కాబట్టి, జ్వరం వచ్చిన రెండో రోజున ఆ టెస్టు చేసి లాభం లేదు. యాంటిజెన్ టెస్టు వెతికేది వైరస్ ముక్కనే. పేర్లు దగ్గరగా ఉండటం, రెండింటినీ 'ర్యాపిడ్' అనే పిలవటం వల్ల మొదటి కిట్ల చెడ్డపేరు రెండోవాటికీ అంటుకుంది.

కరోనా యాంటిజెన్ టెస్టులు దాదాపు అన్నీ వెతికేది న్యూక్లియోక్యాప్సిడ్ అనే ప్రోటీన్ కోసం. వైరస్ లోపల దాని ఆర్ఎన్ఏను చుట్టుకుని ఉండే ప్రోటీన్ ఇది. బఫర్‌లోని డిటర్జెంట్ వైరస్ పైపొరను కరిగించేస్తే బయటపడుతుంది. పట్టీ మొదట్లో ఆరబెట్టి ఉంచిన యాంటీబాడీలు దాన్ని పట్టుకుని ద్రవంతోపాటు ముందుకు పాకుతాయి. వాటికి బంగారపు సూక్ష్మ రేణువులు అంటించి ఉంటాయి. చాలా కిట్లలో గీత ఎర్రగా కనిపించేది అందుకే. టీ దగ్గర పాతిపెట్టిన మరో జట్టు యాంటీబాడీలు అదే ప్రోటీన్‌ను ఇంకోవైపు నుంచి పట్టేస్తాయి. అక్కడ తగినన్ని పోగైతే గీత కంటికి ఆనుతుంది, పోగవకపోతే ఆనదు.

మొత్తం వ్యవహారం ఆ 'తగినన్ని' దగ్గరే ఉంది. పీసీఆర్‌లో వైరస్ జన్యు ముక్కను సైకిల్‌కు రెట్టింపు చొప్పున పెంచుకుంటూ పోతారు. పిడికెడు విత్తనం చల్లి పంట పండించి తూకం వేసినట్టు. యాంటిజెన్ టెస్టులో పంట లేదు, పిడికిట్లో ఎంత ఉంటే అంతే తూకం. ఎన్ని సైకిళ్లకు ఫలితం కనిపించిందో అదే సీటీ విలువ. సీటీ 20 ఉన్న శాంపిల్‌కూ 33 ఉన్న శాంపిల్‌కూ 13 సైకిళ్లే తేడా. కానీ రెట్టింపు మీద రెట్టింపు కాబట్టి వైరస్ పరిమాణంలో తేడా దాదాపు ఎనిమిది వేల రెట్లు. పీసీఆర్ రెండింటినీ పాజిటివ్ అనే రాస్తుంది. యాంటిజెన్ పట్టీకి మొదటిది కళ్లకు కట్టినట్టు కనపడుతుంది, రెండోది ఉన్నట్టే తెలియదు.

(2021 వేసవిలో 'సీటీ ఎంత?' అన్న ప్రశ్నకు మనవాళ్లలో సగంమంది ఊపిరితిత్తుల స్కాన్‌లో 25కి వచ్చిన స్కోరు చెప్పేవాళ్లు, మిగతా సగం పీసీఆర్ సీటీ విలువ చెప్పేవాళ్లు. ఒకటి పెరిగితే ప్రమాదం, ఇంకోటి పెరిగితే వైరస్ తక్కువని అర్థం. ఫోన్లో ఈ రెండూ కలగలిసి పుట్టించిన భయం ఇంతా అంతా కాదు.)

ఇక అంకెలు. టెస్టు కచ్చితత్వాన్ని రెండు కొలతలతో చెప్తారు. వైరస్ నిజంగా ఉన్న వందమందిలో ఎంతమందిని పట్టుకుంటుంది అనేది సెన్సిటివిటీ. లేని వందమందిలో ఎంతమందిని సరిగ్గా లేదని వదిలేస్తుంది అనేది స్పెసిఫిసిటీ. మన దేశంలో మొదట అనుమతి పొందిన యాంటిజెన్ కిట్ ఎస్డీ బయోసెన్సర్ కంపెనీ వారి స్టాండర్డ్ క్యూ. 2020 జూన్ 14న ఐసీఎంఆర్ ఇచ్చిన సూచనల్లోనే దాని స్పెసిఫిసిటీ 99.3 నుంచి 100 శాతం అని, సెన్సిటివిటీ 50.6 నుంచి 84 శాతం అని రాసి ఉంది. అంటే పాజిటివ్ అంటే నమ్మొచ్చు, నెగెటివ్‌ను అలా నమ్మలేం, వైరస్ ఉన్న ఇద్దరిలో ఒకరు తప్పించుకుపోయి ఉండొచ్చు. దాచిందేమీ లేదు. అందుకే లక్షణాలుండీ నెగెటివ్ వచ్చినవాళ్లకు ఆర్టీపీసీఆర్ తప్పనిసరి అని అదే కాగితంలో ఉంది. ఆచరణలో జారిపోయింది ఆ ఒక్క వాక్యమే. కొన్ని పెద్ద రాష్ట్రాల్లో అలాంటివాళ్లకు మళ్లీ టెస్టు చేయటం లేదని 2020 సెప్టెంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు ఉత్తరం రాయాల్సి వచ్చింది.

అదే కాగితంలో ఇంకో మూడు వివరాలున్నాయి. స్వాబ్‌ను బఫర్‌లో ముంచాక గంటలోపే టెస్టు చేసేయాలి. ఫలితాన్ని 15 నిమిషాల తర్వాత, 30 నిమిషాల లోపు చూడాలి. కిట్లు దాచాల్సింది 30 డిగ్రీలు దాటని చోట. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులోనో రామగుండంలోనో షామియానా కింద బల్ల మీద కిట్ల పెట్టె ఎంత వేడెక్కుతుందో లెక్క వేయడానికి థర్మామీటర్ అక్కర్లేదు. వేడికి యాంటీబాడీ ప్రోటీన్లు దెబ్బతింటే టీ గీత బలహీనపడుతుంది. ల్యాబ్‌లో కొలిచిన కచ్చితత్వం బల్ల మీదకు వచ్చేసరికి అంతే ఉండదు.

'50.6 నుంచి 84' అంటే ఇంత తేడా ఏమిటి, ఏది నిజం అనిపిస్తుంది. రెండూ నిజమే. ఎవరి ముక్కులో, జబ్బు మొదలైన ఎన్నో రోజున చూశారు అన్నదాన్ని బట్టి ఒకే కిట్‌కు వేరువేరు అంకెలు వస్తాయి. దీన్ని చక్కగా చూపించింది 2020 నవంబర్‌లో అమెరికాలోని అరిజోనాలో పీమా కౌంటీలో బైనాక్స్‌నౌ కిట్ మీద జరిగిన పరిశీలన. 3,419 శాంపిళ్లు. పీసీఆర్‌తో పోలిస్తే లక్షణాలున్నవాళ్లలో సెన్సిటివిటీ 64.2 శాతం, లేనివాళ్లలో 35.8 శాతం. అదే శాంపిళ్లలో కొన్నింటిని కణాల్లో పెంచి చూసి, సజీవ వైరస్ మొలిచినవాటితో మాత్రమే పోల్చితే 92.6 శాతం, 78.6 శాతం అయ్యాయి. కిట్ మారలేదు, మనుషులూ మారలేదు. మారింది పోలిక.

పీసీఆర్‌ను ప్రమాణంగా పెట్టి యాంటిజెన్‌కు మార్కులు వేస్తున్నాం. కానీ ఆ ప్రమాణానికీ ఒక గుణం ఉంది. జబ్బు తగ్గిపోయి మూడు వారాలైనా, ముక్కులో మిగిలిన చచ్చిన వైరస్ ఆర్ఎన్ఏ ముక్కలను అది పట్టుకుని పాజిటివ్ అనగలదు. ఆ మనిషి ఇంకెవరికీ అంటించడు. అలాంటి శాంపిల్ యాంటిజెన్‌లో నెగెటివ్ వస్తే లెక్కలో అది 'తప్పు'గానే నమోదవుతుంది. అలాగని దీన్ని సాకుగా చూపి యాంటిజెన్‌ను వెనకేసుకురావటమూ కుదరదు. అంటుకున్న మొదటి ఒకటి రెండు రోజుల్లోనూ వైరస్ తక్కువే ఉంటుంది, సీటీ ఎక్కువే ఉంటుంది. రేపు అంటించబోయే మనిషి, అంటించటం ఎప్పుడో అయిపోయిన మనిషి ఒకే సీటీ విలువతో కనిపిస్తారు. 2021 ఏప్రిల్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం సీటీ 24 దాటితే నెగెటివ్ అనొచ్చా అని అడిగితే, అలా చేస్తే చాలామంది రోగులు తప్పిపోతారని ఐసీఎంఆర్ ఒప్పుకోలేదు, 35నే ఉంచింది. ఒప్పుకోకపోవటమే సబబు.

రోజుల లెక్క ఎంత బలమైనదో అనేక అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. 2022 నాటి దాని లెక్కల ప్రకారం లక్షణాలు మొదలైన మొదటి వారంలో సగటు సెన్సిటివిటీ 80.9 శాతం, రెండో వారంలో 53.8 శాతం. జ్వరం తగ్గాక, ఆఫీసులో అడిగారని చేయించుకునే టెస్టు ఈ రెండో అంకెలో పడుతుంది. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో లక్షణాలు లేని జనానికి ఊరంతా టెస్టులు చేసినప్పుడు, పీసీఆర్ పట్టినవాళ్లలో యాంటిజెన్ పట్టింది 40 శాతాన్నే. వైరస్ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లను విడిగా తీసి చూస్తే ఆ అంకె 90 దాటింది. దీన్ని చూపించే ఒక వర్గం 'సగానికి పైగా తప్పించుకున్నారు' అంది, ఇంకో వర్గం 'అసలు అంటించేవాళ్లను పట్టుకున్నాం కదా' అంది. ఇద్దరి చేతిలో ఉన్నదీ ఒకే పట్టిక.

మరి డబ్బా మీద రాసిన 96, 97 శాతాలు ఎక్కడివి? చాలావరకు అవి జ్వరం మొదలైన అయిదారు రోజుల లోపువాళ్ల మీద, చేయి తిరిగిన సిబ్బంది తీసిన శాంపిళ్ల మీద వచ్చినవి. పైగా కొన్నిసార్లు శాంపిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. 30 పాజిటివ్ శాంపిళ్లలో 29 పట్టుకుంటే 96.7 శాతం అని డబ్బా మీద పెద్దగా అచ్చు వేయొచ్చు. కానీ 30తో చేసిన లెక్కలో అసలు సెన్సిటివిటీ 83 నుంచి దాదాపు 100 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ అటూఇటూ పరిధి డబ్బా లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. జర్మనీలోని పాల్ ఎర్లిక్ ఇన్‌స్టిట్యూట్ ఐరోపాలో అమ్ముకోవడానికి సీఈ ముద్ర ఉన్న 122 ర్యాపిడ్ కిట్లను ఒకే శాంపిళ్ల మీద వరసగా పరీక్షించింది. పెట్టిన గీటురాయి కఠినమైనదేం కాదు. సీటీ 25 లోపు, అంటే వైరస్ దండిగా ఉన్న శాంపిళ్లలో 75 శాతం పట్టుకుంటే చాలు. 26 కిట్లు ఆ గీటు కూడా దాటలేదు. తయారీదారే స్వయంగా రాసిచ్చిన హామీతో ముద్ర పడిపోయే పద్ధతి అప్పట్లో ఉండటం వల్ల అవి కూడా మార్కెట్లో ఉన్నాయి.

ఇదంతా కరోనాతో మొదలైన కథ కాదు. ఫ్లూ పట్టీలు అంతకు చాలా ముందు నుంచే డాక్టర్ల బల్లల మీద ఉన్నాయి. 159 అధ్యయనాలను కలిపిన 2012 నాటి సమీక్షలో వాటి సగటు సెన్సిటివిటీ 62.3 శాతం, స్పెసిఫిసిటీ 98.2 శాతం. 2009లో కొత్త హెచ్1ఎన్1 వచ్చినప్పుడు కొన్ని కిట్లు మరీ ఘోరంగా తేలిపోయాయి. పాత ఫ్లూ రకాల మీద తయారైన యాంటీబాడీలకు కొత్త రకం సరిగ్గా దొరకలేదు. ఈ అనుభవాలన్నీ చూశాక అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో ఫ్లూ యాంటిజెన్ టెస్టులను ఎక్కువ నిఘా ఉండే తరగతిలోకి మార్చింది. పీసీఆర్ తరహా టెస్టుతో పోలిస్తే కనీసం 80 శాతం పట్టుకోవాలని, ఏటా తిరిగే కొత్త రకాల మీద మళ్లీ పరీక్షించి చూపాలని షరతులు పెట్టింది. కొన్ని పాత కిట్లు దాంతో మార్కెట్ నుంచి తప్పుకున్నాయి.

అన్నింటికన్నా విచిత్రమైన అంకె ఆర్ఎస్‌వీది. పసిపిల్లలకు ఆయాసం తెప్పించే ఈ వైరస్‌ను యాంటిజెన్ టెస్టులు పిల్లల్లో 81 శాతం దాకా పట్టుకుంటాయి. పెద్దవాళ్లలో 29 శాతమే. కారణం కిట్‌లో లేదు. మొదటిసారి ఆ వైరస్ సోకిన ఏడు నెలల బిడ్డ ముక్కు నిండా వైరస్ పొంగుతుంటుంది, కారే చీమిడిలోనే కావలసినంత దొరుకుతుంది. చిన్నప్పటి నుంచి పలుమార్లు దాన్ని ఎదుర్కొన్న డెబ్భై ఏళ్ల మనిషి ముక్కులో చాలా తక్కువ ఉంటుంది, కానీ ఆ కాస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి ఆస్పత్రి పాలు చేయగలదు. ఫ్లూ, కోవిడ్, ఆర్ఎస్‌వీ మూడూ ఒకే పట్టీ మీద చూసే కాంబో కిట్లు ఇప్పుడు వచ్చాయి. మనవడికి, తాతకు ఒకే కిట్ వాడి ఇద్దరికీ 'ఆర్ఎస్‌వీ నెగెటివ్' అని రాస్తే ఆ రెండు నెగెటివ్‌ల విలువ ఒకటి కాదు.

పట్టీ వదిలేసి ల్యాబ్‌లోకి వెళ్తే పరిస్థితి మెరుగే. పాత పద్ధతి ఇమ్యునోఫ్లోరెసెన్స్. ముక్కు వెనక నుంచి తీసిన కణాలను గాజు పలక మీద పరిచి, మెరిసే రంగు అంటించిన యాంటీబాడీలు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. వైరస్ ఉన్న కణం పచ్చగా వెలుగుతుంది. నిదానం, చేసే మనిషి కంటి మీద ఆధారపడింది. కానీ పట్టీకి లేని సుగుణం ఒకటి దీనికుంది. పలక మీద కణాలే సరిపడా లేకపోతే టెక్నీషియన్‌కు కళ్ల ముందే తెలిసిపోతుంది. నెగెటివ్ అని రాయకుండా 'శాంపిల్ చాలలేదు, మళ్లీ తీయండి' అని తిప్పి పంపుతారు. మొదట చెప్పిన, ముక్కు తాకని స్వాబ్ ఇక్కడ దొరికిపోతుంది.

తర్వాత గీతను కంటితో కాకుండా యంత్రంతో చదివే కిట్లు వచ్చాయి. ఫ్లూ-ఏ విషయంలో 2017 నాటి ఒక సమీక్ష ప్రకారం మామూలు పట్టీలు 54.4 శాతం పట్టుకుంటే, యంత్రం చదివేవి 80 శాతం పట్టుకున్నాయి. సన్నటి గీత ఉందా లేదా అని వెలుతురులోకి పట్టుకెళ్లి ఇద్దరు వాదించుకునే పని తప్పింది. ఇంకో మెట్టు పైన పెద్ద ల్యాబుల్లోని కెమిలూమినెసెన్స్ యంత్రాలు. ప్రోటీన్ ఎంత ఉందో వెలుగును కొలిచి అంకెగా చెప్తాయి. జపాన్ 2020 జులై చివర్లో విమానాశ్రయాల్లో వచ్చినవాళ్లకు పీసీఆర్ బదులు లాలాజలంతో ఇలాంటి యంత్రపు టెస్టునే మొదలుపెట్టింది. అంకె బాగా ఎక్కువైతే పాజిటివ్, బాగా తక్కువైతే నెగెటివ్, మధ్యలో పడితే పీసీఆర్‌కు పంపటం. ఏది తెలుసు, ఏది తెలియదు అని టెస్టే ఒప్పుకునే ఈ మధ్య గడి పట్టీల్లో లేకపోవటం పెద్ద లోటు. అయినా ఈ యంత్రాలు కూడా ప్రోటీన్‌ను పెంచి చూసేవి కావు. మరీ తక్కువ వైరస్ దగ్గర పీసీఆర్‌ను అందుకోలేవు.

తప్పు నెగెటివ్‌ల గురించే అంతా మాట్లాడతారు కానీ, తప్పు పాజిటివ్‌లది వేరే లెక్క. 2020 ఆగస్టు 6న అమెరికాలో ఒహాయో గవర్నర్ మైక్ డివైన్‌కు, అధ్యక్షుడు ట్రంప్‌ను కలవబోయే ముందు చేసిన యాంటిజెన్ టెస్టులో పాజిటివ్ వచ్చింది. అదే రోజు పీసీఆర్ చేస్తే నెగెటివ్. స్పెసిఫిసిటీ 99 శాతం ఉన్న టెస్టు ఇలా ఎలా బోల్తా పడుతుంది?

వెయ్యిమందికి టెస్టు చేశారనుకుందాం. వాళ్లలో నూటికి ఒకరికే వైరస్ ఉంది, అంటే పదిమందికి. సెన్సిటివిటీ 60 శాతం అయితే ఆరుగురు దొరుకుతారు. వైరస్ లేని 990 మందిలో నూటికి ఒకరు చొప్పున పదిమందికి తప్పుడు పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు పదహారు, అందులో పదిమందికి అసలు ఏమీ లేదు. ఇదే కిట్‌ను కేసులు ఉధృతంగా ఉన్నప్పుడు జ్వరాల ఓపీలో వాడితే, అక్కడ వెయ్యిలో మూడు వందల మందికి వైరస్ ఉంటే, సెన్సిటివిటీ 75 అనుకున్నా 225 మంది దొరుకుతారు, తప్పుడు పాజిటివ్‌లు ఏడే. అక్కడ పాజిటివ్ రాయి లాంటిది. కానీ 768 నెగెటివ్‌లలో 75 మంది రోగులే, అంటే పదిలో ఒకరు. కేసులు లేనప్పుడు పాజిటివ్‌ను అనుమానించాలి, కేసులు విరగబడ్డప్పుడు నెగెటివ్‌ను అనుమానించాలి. 2021 మే నెలలో మనవాళ్లు సరిగ్గా ఆ రెండోదాన్నే నమ్మి పెళ్లిళ్లకు, పెద్దకర్మలకు వెళ్లారు.

తక్కువ సెన్సిటివిటీకి విరుగుడు ఉంది, అది మళ్లీ టెస్టు చేయటమే. 2022 ఆగస్టులో ఎఫ్‌డీఏ ఇంటి టెస్టుల విషయంలో లక్షణాలుంటే 48 గంటల తేడాతో రెండుసార్లు, లేకపోతే మూడుసార్లు చేసుకోమంది. ఈలోగా వైరస్ పెరిగి ఉంటే రెండోసారి చిక్కుతుంది. టెస్టు మెరుగుపడటం కాదిది, జబ్బే టెస్టుకు కనిపించేంత ఎదగటం. అయితే ఒకే గంటలో వరసగా రెండు కిట్లు వాడితే ఈ లాభం రాదు.

మన దగ్గర టెస్టుకు ముందు నింపిన, శాంపిల్ వివరాలు రాసే ఎస్ఆర్ఎఫ్ ఫారంలో లక్షణాలు ఏ తేదీన మొదలయ్యాయి అనే గడి ఉండేది. నెగెటివ్‌ను ఎంత నమ్మాలో చెప్పగలిగేది ఆ తేదీయే. ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లో మాత్రం మనం చూసుకున్నది పాజిటివా, నెగెటివా అన్నదే.